వంటచెరకు ఎంపిక – పాడి ఇంటి లెక్క

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల శిక్షణ సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



నేను వచ్చానంటే వాటాధనం, బోనస్, ఆడిట్ అభ్యంతరాలు మాట్లాడతానని మీరు అనుకోవడం సహజం. ఈ పూట ఆ విషయాలు పక్కన పెట్టి, పొయ్యిలో పెట్టే కట్టె గురించి మనవి చేయదలచాను. నేను అడవి శాస్త్రం చదివినవాణ్ణి కాను. సహకార డిప్లొమా చదివి, ఊరూరా తిరిగి లెక్కలు చూసే ఉద్యోగం నాది. కట్టెను కూడా లెక్క ప్రకారమే చూద్దాం.

గ్యాసు వచ్చాక ఇంకా కట్టెల గొడవ ఏమిటని కొందరు అనవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం పెట్టింది. చాలా ఇళ్ళలో అన్నం, కూర గ్యాసు మీదనే అవుతున్నాయి. అది మంచిదే. అయితే పాడి ఉన్న ఇంట్లో కట్టెల పొయ్యి ఇంకా ఆరలేదు. గేదెకు ఉలవలు ఉడకాలి. కుడితి వెచ్చబెట్టాలి. ఇంటిల్లిపాదికీ నీళ్ళ కాగు కాగాలి. వెన్న కాచాలి. అన్నింటికన్నా ముఖ్యంగా పాలు పితికే చెంబులు, క్యాన్లు కడగడానికి సలసల మరిగే నీళ్ళు కావాలి. ఇవన్నీ సిలిండరు మీద పెడితే నెల తిరగకముందే ఖాళీ అవుతుంది. కాబట్టి పెరట్లో పొయ్యి ఉండనే ఉంది.

కట్టెకూ పాలకూ సంబంధం

ఒక సంఘంలో నేను రిజిస్టర్లు చూస్తుండగా ఒక విషయం కనిపించింది. వానాకాలంలో పుల్లబారి తిరిగి వచ్చిన పాలు మిగతా నెలలకన్నా బాగా ఎక్కువ. సభ్యులు టెస్టర్‌ను తప్పుపట్టారు. టెస్టర్ సభ్యులను తప్పుపట్టాడు. పాలు తిరిగి వచ్చిన ఇళ్ళలో కొన్నింటికి కార్యదర్శిగారూ నేనూ కలిసి వెళ్ళాం. గేదెలు ఆరోగ్యంగానే ఉన్నాయి. చెంబులు కడిగినవే. అయితే ఏ నీళ్ళతో కడిగారమ్మా అని అడిగితే, ‘వానకు కట్టెలు మండడం లేదండీ, గోరువెచ్చన కాగానే దించేస్తున్నాం’ అన్నారు.

గోరువెచ్చని నీటికి పాల జిడ్డు పూర్తిగా వదలదు. క్యాను మూతి దగ్గర, చెంబు అంచు మడతలో జిడ్డు మిగులుతుంది. అందులో సూక్ష్మక్రిములు రాత్రంతా పెరుగుతాయి. తెల్లవారి పితికిన మంచి పాలు ఆ చెంబులో పడితే కేంద్రానికి చేరేలోగా పులుపు తిరుగుతాయి. మరిగించి చూసే పరీక్షలో విరిగిపోతాయి. గేదె తప్పు లేదు, మేత తప్పు లేదు. ఆ ఇంటివాళ్ళ పూట రాబడి పోయింది. కారణం వెతుక్కుంటూ వెళితే అది పచ్చి కట్టె దగ్గర తేలింది.

కట్టెలో నీళ్ళు

పాలలో చెంబెడు నీళ్ళు కలిస్తే మనం ఊరుకోము. లాక్టోమీటరు పెడతాం, వెన్న శాతం చూస్తాం, ధర కోస్తాం. కట్టెల అడితిలో మాత్రం బండెడు నీళ్ళు కొని, కూలి ఇచ్చి మరీ ఇంటికి తోలించుకుంటాం. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. చీల్చి, గాలికి ఎండబెట్టిన కట్టెలో అది 15 నుంచి 20 శాతానికి దిగుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. సగం నీరున్న పచ్చి కట్టె 1,000 కిలోలు తూచి కొన్నామనుకుందాం. అందులో అసలు కట్టె 500 కిలోలు, నీరు 500 కిలోలు. అదే కట్టె 20 శాతం తేమకు ఎండితే 625 కిలోలు తూగుతుంది. అంటే 375 కిలోల నీటికి మనం డబ్బు ఇచ్చాం. పచ్చి కట్టె కిలో 5 రూపాయల లెక్కన 5,000 రూపాయలు అయిందనుకోండి. ఎండు కట్టెకు కిలో 8 రూపాయలు పెట్టినా 625 కిలోలకు అయ్యేది అదే 5,000. తూకానికి కొనేటప్పుడు కిలో ధర చూసి పచ్చి కట్టె చవక అనుకోవడం పొరపాటు.

నష్టం అక్కడితో ఆగదు. ఆ నీరు పొయ్యిలోకి వెళ్ళాక ఆవిరై పోవాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 600 కిలోకేలరీల వేడి కావాలి. అది మన గిన్నెకు అందవలసిన వేడిలోనుంచే పోతుంది. ఎండు కట్టె కిలోకు సుమారు 3,400 కిలోకేలరీలు వస్తే, సగం నీరున్న కట్టె కిలోకు సుమారు 1,900 మాత్రమే వస్తాయి.

పది లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు కాచాలంటే నీటికి చేరవలసిన వేడి 600 కిలోకేలరీలు. మామూలు మూడురాళ్ళ పొయ్యి, మట్టి పొయ్యి కట్టెలోని వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు అందిస్తాయి. 12 శాతం చొప్పున చూస్తే 5,000 కిలోకేలరీల కట్టె కాలాలి. ఎండు కట్టె అయితే కిలోన్నర చాలు. పచ్చిదైతే రెండున్నర కిలోలు దాటుతుంది. దానికి తోడు పచ్చి కట్టె పొయ్యి సరిగా రాజుకోదు, పొగలోనే చాలా వేడి పోతుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకా ఎక్కువ. ఇంటి ఆడవాళ్ళు ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు ఎర్రబడేలా ఊదే సమయానికి ఖరీదు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఎండిన కట్టెను పోల్చడం

దీనికి పరికరం అక్కరలేదు. ఎండు కట్టె కోసిన చివర మధ్య నుంచి అంచుకు బీటలు వారి ఉంటుంది. బెరడు వేలితో లాగితే ఊడి వస్తుంది. రంగు వెలిసిపోతుంది. లావుకు తగ్గ బరువు లేక చేతికి తేలికగా తోస్తుంది. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే ఖణేలుమంటుంది. పచ్చిదైతే దబ్బుమని చప్పుడు చేస్తుంది. పొయ్యిలో పెట్టాక సుయ్యిమంటూ చివర నురగ కక్కితే అది పచ్చిదే. పైకి ఎండినట్టు కనిపించే మొద్దును ఒకటి చీల్పించి లోపలి వైపు చెంపకు ఆనించి చూడండి. చల్లగా తడిగా తగిలితే అడితి యజమానికి ఆ మాట చెప్పి ధర తగ్గించమనండి.

నాకు అన్నింటికన్నా నమ్మకమైనది తూకం. మీరు పేర్చిన కట్టెల్లో మణికట్టు లావు పేడు ఒకటి తీసి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తూచి, తేదీ వేసి బరువు రాయండి. వారానికొకసారి అదే పేడు తూచండి. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. రెండు మూడు వారాలపాటు తూకం మారకపోతే కట్టె ఎండినట్టు. పాలు తూచి రాసుకునే మనకు ఇది కష్టమైన పని కాదు.

ఏ చెట్టు కట్టె మంచిది

ఎండినాక కిలోకు కిలో లెక్కన దాదాపు అన్ని కట్టెలూ ఇంచుమించు ఒకే వేడి ఇస్తాయి. తేడా గట్టిదనంలో ఉంది. గట్టి కట్టె తక్కువ చోటులో ఎక్కువ బరువు తూగుతుంది, నెమ్మదిగా కాలుతుంది, నిప్పులు నిలుస్తాయి. మెత్తని కట్టె భగ్గున మండి బూడిద అవుతుంది. అందుచేత తూకానికి కొంటే ఎండుదనం చూడాలి. బండి లెక్కన, మోపు లెక్కన కొంటే ఎండుదనంతోపాటు గట్టిదనమూ చూడాలి.

నల్లతుమ్మ, సరుగుడు, చింత గట్టి కట్టెలు. ఉలవలు ఉడకడానికి, నెయ్యి కాచడానికి కావలసిన నిలకడైన నిప్పు వీటితో వస్తుంది. చింత మొద్దు చీల్చడం కష్టం. కాయ కాసే చింతను పొయ్యి కోసం కొట్టడం తెలివైన పని కాదు, ఎండుకొమ్మలు చాలు. కోస్తాలో సరుగుడు తోటలు నరికినప్పుడు వచ్చే చివరి కొమ్మలు చవకగా దొరుకుతాయి, తిన్నగా ఉంటాయి, చీల్చే పనికూడా తక్కువ.

సర్కారు తుమ్మను అందరూ తిడతారు. ఈ మొక్కను మన దేశంలో మొట్టమొదట నాటింది మన కడప జిల్లా కమలాపురంలోనే, 1877లో. విత్తనం జమైకా దీవి నుంచి తెప్పించారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు తరువాత పొలంగట్లు, చెరువు కట్టలు ఆక్రమించింది. ముల్లు కూడా దాని చెడ్డగుణమే. కట్టె మాత్రం గట్టిది, నిప్పు బాగా నిలుస్తుంది, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. వేప, కానుగ వంటి నీడచెట్ల మీద కత్తి వేసేకన్నా దీన్ని నరుక్కోవడం ఊరికే మేలు. ముళ్ళు అక్కడే ఒలిచి తేవాలి. పశువుల కొట్టం దారిలో ఒక్క ముల్లు పడినా గేదె కాలికి గుచ్చుకుంటుంది.

జామాయిల్ బాగానే మండుతుంది గాని ఎండితే గొడ్డలికి లొంగదు. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. సుబాబుల్ త్వరగా ఎండుతుంది, రోజువారీ నీళ్ళ కాగుకు సరిపోతుంది. మామిడి మధ్యరకం. బూరుగు, మునగ తేలికైనవి, బండి లెక్కన కొంటే నష్టం. కందికట్టె రాజేయడానికి సాటిలేనిది. కొబ్బరి చిప్పలు, తాటి మట్టలు ఒడుపుగా వాడితే మంచి మంట ఇస్తాయి.

పత్తికట్టె గురించి ఒక హెచ్చరిక. ఇంటి పక్క వామిగా వేసి నెలల తరబడి ఉంచవద్దు. కట్టెకు మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు నిద్రావస్థలో ఉండి వచ్చే పంట మీదికి వస్తుంది. వాడదలచినవారు తీతలు అయిన వెంటనే వాడి ముగించాలి. మందులు ఎక్కువగా కొట్టిన పంట కట్టెను పాల దగ్గర, దాణా దగ్గర వాడకపోవడం మంచిది.

మీ పొలంలో చెట్టే అయినా కొట్టేముందు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలో అక్కరలేదో అధికారులను అడిగి తెలుసుకోండి.

పొయ్యిలో పెట్టకూడనివి

గన్నేరు విషపు మొక్క. కట్టె, ఆకు, పొగ అన్నీ చెరుపే. జెముడు పొగ కళ్ళు మండిస్తుంది. జీడిగింజల పొట్టు పొగ చర్మానికీ ఊపిరికీ హాని చేస్తుంది. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, తారు పూసిన దూలాలు వంటపొయ్యికి పనికిరావు. రాజేయడానికి ప్లాస్టిక్ సంచి, పాత సైకిలు టైరు ముక్క వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అక్కచెల్లెళ్ళారా, దాన్ని ఈ రోజుతో మానండి. ఆ పొగ పిల్లల ఊపిరిలోకి, మూత లేని పాలగిన్నెలోకి పోతుంది. కందిపుల్లలు నాలుగు, ఎండు కొబ్బరిపీచు పిడికెడు ముందురోజే పక్కన పెట్టుకుంటే టైరు అవసరం రాదు.

ఎండబెట్టడం, నిల్వ చేయడం

కట్టెలు కొనవలసిన కాలం వానాకాలం కాదు. సంక్రాంతి దాటాక, మాఘమాసంలో కొనండి. అప్పుడు కొట్టి చీల్పించిన కట్టెకు ఎండాకాలం అంతా ముందుంటుంది. మొద్దును మొద్దుగా ఉంచితే ఏడాదికీ లోపల పచ్చిగానే ఉంటుంది, బెరడు నీటిని బయటికి పోనివ్వదు. మణికట్టు లావుకు చీల్పించండి. కింద రాళ్ళు పరిచి, వాటి మీద రెండు వాసాలు వేసి, ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం పేర్చండి. గాలి దూరాలి. రోహిణి కార్తె ఎండలకు బాగా ఎండుతుంది. మృగశిర ప్రవేశించేలోగా పైన రేకో తాటాకో కప్పండి. పక్కలు మాత్రం మూయవద్దు. పరదా చుట్టేస్తే లోపలి తేమ పోక బూజు పడుతుంది.

వామిదొడ్డి పక్కన, పశువుల కొట్టం గోడకు ఆనించి కట్టెలు పేర్చవద్దు. ఒక నిప్పురవ్వ పడితే గడ్డివామి, గొడ్డు రెండూ పోతాయి. మట్టిగోడకు తగిలితే చెద పడుతుంది. కట్టెల సందుల్లో తేళ్ళు, పాములు చేరతాయి కాబట్టి చీకటిలో చెయ్యి పెట్టవద్దు. కర్రతో కదిపి, వెలుతురులో తీయండి. రోజూ వాడే నాలుగు కట్టెలు పొయ్యి వెచ్చదనం తగిలేచోట, మంటకు దూరంగా ముందురోజే ఉంచుకుంటే వానలో కూడా ఇబ్బంది ఉండదు.

పిడకలు, దాలి

పాడి ఇంట్లో పిడకల మాట లేకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. దాలిగుంటలో పిడకల సెగ మీద కుండలో ఎర్రగా కాగిన పాలకూ, వాటి మీగడకూ ఉన్న రుచి మనందరికీ తెలుసు. మెల్లని సెగకు పిడకను మించింది లేదు. అయితే పిడక బాగా ఎండి, పొగ చచ్చి, నిప్పు మీద బూడిద తెర కమ్మిన తరువాతనే కుండ పెట్టాలి, మూత వేయాలి. పాలకు వాసనను ఇట్టే పట్టుకునే గుణం ఉంది. కేంద్రానికి పోసే పాలను పొయ్యి ఉన్న గదిలో ఒక్క నిమిషం కూడా ఉంచవద్దు. వాసన చూసి పక్కన పెడితే టెస్టర్ తప్పు కాదు.

పేడ అంతా పిడకలు చేస్తే పొలానికి ఎరువు పోతుంది. నాలుగైదు గొడ్లున్న ఇంట రోజుకు 50 కిలోల పేడ వస్తుంది. 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు అది సరిపోతుంది. గ్యాసు వంటింటికి, బయటికి వచ్చే పేడనీరు పొలానికి. స్థలం, నీరు ఉన్నవారు ఆలోచించండి.

పొగ సంగతి

ఇంటిలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎండు కట్టె పొగను తగ్గిస్తుంది గాని పూర్తిగా పోగొట్టదు. అందుకని కట్టెల పొయ్యి పెరట్లో గాలి ఆడేచోట ఉండాలి. లోపల పెట్టక తప్పనివారు పొగగొట్టం కట్టించండి, నెలకొకసారి మసి దులపండి. చంటిబిడ్డను చంకనెత్తుకుని పొయ్యి దగ్గర కూర్చోవద్దు. చలికాలంలో నిప్పుల కుంపటి గదిలో పెట్టి తలుపులు బిగించి పడుకోవద్దు. కంటికి కనిపించని విషవాయువు ప్రాణం తీస్తుంది. దోమల కోసం కొట్టంలో పచ్చాకు పొగ వేసి తడికలు మూసేస్తే దూడల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దోమతెర కట్టడం మేలు.

సంఘం చేయగలిగింది

ఒక్కొక్కరు అడితికి వెళితే అతను చెప్పిందే ధర. ఇరవై ఇళ్ళవారు కలిసి మాఘంలో ఒకేసారి తోలించుకుంటే ధరా తగ్గుతుంది, తూకమూ మన ఎదుటే జరుగుతుంది. పాలు కలిపి అమ్ముకోవడం నేర్చుకున్నవాళ్ళం కట్టెలు కలిపి కొనుక్కోలేమా? ఇందుకు సంఘం డబ్బు వాడనక్కరలేదు. వాడితే తీర్మానం, వోచరు ఉండాలి. లేకపోతే వచ్చే ఏడాది ఆడిట్‌లో నేనే అభ్యంతరం రాస్తాను!

కార్యదర్శిగారికి ఒక మనవి. కేంద్రంలో క్యాన్లు కడిగే నీళ్ళకు కొనే కట్టెలకు కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. వోచరు మీద బరువుతోపాటు ‘పచ్చి’ అనో ‘ఎండు’ అనో రాయించండి. పాలు తిరిగి వచ్చిన రోజు, ఆ పూట చెంబులు ఎలా కడిగారో ఆ సభ్యురాలిని కోపం లేకుండా అడిగి రిజిస్టరులో ఒక మాట రాయండి. రెండు నెలలు రాస్తే కారణం మీకే తెలుస్తుంది.

సభ్యులందరికీ నా కోరిక ఇది. మీ ఇంటి కట్టెల్లో ఒక పేడు ఈ ఆదివారం తూచి చీటీ రాయడం మొదలుపెట్టండి. తరువాతి సమావేశానికి ఆ చీటీలు తెస్తే, ఎవరి కట్టెలో ఎంత నీరు పోయిందో అందరం కలిసి లెక్క వేద్దాం.